నల్ల తెర వెనక లినక్స్

లినక్స్‌ను కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేసి రీబూట్ కొట్టారు. కంపెనీ లోగో వచ్చింది, పోయింది, తెర నల్లగా ఉండిపోయింది. చాలాసార్లు ఆ సమయానికి లోపల కంప్యూటర్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి. నొక్కినప్పుడల్లా కీబోర్డు మీది దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ బతికే ఉంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే తెల్లక్షరాల్లో లాగిన్ అడిగే వరస ఒకటి కనిపించవచ్చు. కనిపించిందంటే చెడింది బొమ్మ చూపించే భాగం ఒక్కటే. ఫైళ్లు, ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా, అంతా చెరిపేసి మళ్లీ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ కోసం సొరుగులు వెతికేవాళ్లే ఎక్కువ. ఆ పని అన్నీ అయ్యాక చివర్లో చేయాల్సింది. చాలామందికి అంతదాకా రానే రాదు.

ఇంకో మాట. ఆ నల్ల తెర లాగిన్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు గానీ నక్షత్రాలు గానీ ఏమీ పడవు. కీబోర్డు పోయిందనుకుని కంగారు పడకుండా మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి.

*

ఈ తంటా ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్న వాళ్లకే ఎందుకు ఎక్కువ? బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన మాట లినక్స్ కెర్నల్ తప్పదు. నిన్న నడిచిన ప్రోగ్రాము రేపటి కెర్నల్ మీదా నడవాల్సిందేనన్నది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టిన పట్టు. లోపలి వ్యవహారం అందుకు పూర్తిగా తలకిందులు. కెర్నల్ భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని ఏ వెర్షన్‌లోనైనా మార్చేయవచ్చు. ఇది నిర్లక్ష్యం కాదు, తెలిసి పెట్టుకున్న విధానం. కెర్నల్ పెద్దల్లో ఒకరైన గ్రెగ్ క్రోహార్ట్‌మన్ దాన్ని సమర్థిస్తూ రాసిన పత్రం కెర్నల్ సోర్సుతో పాటే వస్తుంది. డ్రైవర్ కెర్నల్‌లో భాగమైతే పద్ధతి మార్చినవాళ్లే దాన్ని కూడా సరిచేసి పోతారు. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు అలా లోపల ఉన్నవే. ఎన్విడియా సొంత డ్రైవర్ కాపురం బయట. కెర్నల్ మారినప్పుడల్లా అది వెంటపడి అందుకోవాలి.

అందుకునే పని డీకేఎంఎస్ అనే సాధనానిది. దాన్ని డెల్ కంపెనీ ఇంజనీర్లు 2003లో తయారుచేశారు. ద్వారబంధం మారిన ప్రతిసారీ తలుపుకు చిత్రిక పట్టి సరిపెట్టే వడ్రంగి పని అది చేస్తుంది: కొత్త కెర్నల్ రాగానే డ్రైవర్‌ను దానికి తగ్గట్టు మళ్లీ కంపైల్ చేస్తుంది. ఇందుకు కెర్నల్ హెడర్ల ప్యాకేజీ కావాలి. కొత్త కెర్నల్ వచ్చి దాని హెడర్లు రాకపోతే పని అక్కడే ఆగిపోతుంది. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు వందల వరసలు పరుగెత్తుతుంటాయి, వాటి మధ్యలో కంపైల్ కుదరలేదని ఒక్క వరస వచ్చి పైకెళ్లిపోతుంది. ఎవరు చూస్తారు? రీబూట్ అయ్యాకే తెలుస్తుంది. టెర్మినల్‌లో డీకేఎంఎస్ స్టేటస్ అని అడిగితే ఏ కెర్నల్‌కు డ్రైవర్ తయారైందో, దేనికి కాలేదో రెండు వరసల్లో చెప్పేస్తుంది.

*

అన్నిటికన్నా తేలికైన మందు, ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో ఉంటుంది. కొత్త కెర్నల్ వచ్చినా పాతదాన్ని వెంటనే తీసేయరు. ఫెడోరా అయితే మామూలుగా మూడు కెర్నళ్లు ఉంచుతుంది. ఉబుంటూలో ఆ మెనూ దాక్కుని ఉంటుంది, మెషిన్ ఆన్ అవుతుండగా ఎస్కేప్ గానీ, పాత బయోస్ మెషిన్లలో షిఫ్ట్ గానీ నొక్కితే బయటికొస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి నిన్నటి కెర్నల్‌ను ఎంచుకుంటే చాలాసార్లు డెస్క్‌టాప్ ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది. మిగతా వైద్యమంతా అక్కడ తీరిగ్గా కూర్చుని చేసుకోవచ్చు.

*

సెక్యూర్ బూట్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఈ గొడవలో మనుషులు ఎక్కువగా జారిపడే మెట్టు ఇదే.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మెషిన్‌లో సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. డీకేఎంఎస్ మీ ఇంట్లో మీ మెషిన్ మీద కంపైల్ చేసిన డ్రైవర్‌కు సంతకం ఎవరు చేయాలి? మీరే. ఉబుంటూ అందుకోసం ఒక తాళంచెవిని తయారుచేసి, డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. జనం ఏదో ఒకటి కొట్టి మర్చిపోతారు. తర్వాత రీబూట్ చేస్తే నీలం రంగు తెర మీద మాక్ (ఎంఓకే) మేనేజ్‌మెంట్ అని కనిపించి, ఏదో ఒక మీట నొక్కమంటుంది. గడువు పది సెకన్లు. ఎప్పుడూ చూడని నీలం తెర కావడంతో వైరస్ అనుకుని కొందరు పవర్ బటన్ నొక్కేస్తారు. ఇంకొందరు టీ తెచ్చుకోవడానికి వెళతారు. పది సెకన్లు దాటాక మెషిన్ తన దారిన తను బూట్ అవుతుంది, తాళంచెవి నమోదు కాదు, డ్రైవర్ గడప దాటదు. చేయాల్సిందల్లా ఆ తెరలో ఎన్‌రోల్ మాక్ ఎంచుకుని, కంటిన్యూ, యెస్ అని, ముందు పెట్టిన పాస్‌వర్డ్ కొట్టి రీబూట్ చేయడం. కీబోర్డు లేఅవుట్ అక్కడ అమెరికన్‌దే ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్‌లో వింత గుర్తులు పెట్టకపోవడం మేలు.

ఈ నమోదు తప్పిపోయినవాళ్లలో చాలామంది బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్‌నే ఆపేస్తారు. పనవుతుంది. కానీ విండోస్ కూడా ఉన్న మెషిన్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగే అవకాశముంది, అది అప్పుడు చేతిలో ఉండదు.

*

తెర బాగానే ఉండగా కూడా డ్రైవర్ విరిగి ఉండవచ్చు. ఎన్విడియా డ్రైవర్‌లో ఒక సగం కెర్నల్‌లో నడుస్తుంది, రెండో సగం మామూలు లైబ్రరీల రూపంలో డిస్క్ మీద ఉంటుంది. అప్‌డేట్ డిస్క్ మీది సగాన్ని మార్చేస్తుంది. మెమరీలో నడుస్తున్న సగం రీబూట్ దాకా పాతదే. ఈ మధ్యలో ఎన్విడియా ఎస్ఎంఐ కమాండ్ కొడితే డ్రైవర్‌కూ లైబ్రరీకీ వెర్షన్ కలవలేదని చెబుతుంది. రాత్రిపూట వాటంతటవే అప్‌డేట్లు పడే సర్వర్లలో పొద్దున్నే కనిపించే దృశ్యం ఇది. రీబూట్ చేస్తే సరి. దీనికోసం డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

*

2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు ఉండేది. ఇంటెల్, ఎన్విడియా చిప్పులు రెండూ ఉన్న ఆప్టిమస్ ల్యాప్‌టాప్‌లు లినక్స్‌లో సరిగా పనిచేయని రోజుల్లో, వాటి కోసం ఔత్సాహికులు చేసిన ఏర్పాటది. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో పాత ఎన్విడియా ఫోల్డర్‌ను చెరిపే వరస ఒకటుంది. చెరపమన్న దారి యూఎస్ఆర్ ఫోల్డర్‌తో మొదలవుతుంది. ఆ పేరు తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడింది. ఒక్క స్పేస్. దాంతో కంప్యూటర్ దాన్ని రెండు వేరు వేరు దారులుగా చదువుకుంది: మొదట యూఎస్ఆర్ మొత్తం చెరుపు, తర్వాత మిగతాది. లినక్స్‌లో ప్రోగ్రాములు దాదాపు అన్నీ ఉండేది ఆ ఫోల్డర్‌లోనే. డ్రైవర్ బాగుచేసుకుందామని వెళ్లినవాళ్ల సిస్టమే ఊడ్చుకుపోయింది. ఆ ఖాళీని తీసేసిన సవరణ కింద ప్రపంచం నలుమూలల నుంచి ప్రోగ్రామర్లు చేరి పేల్చిన జోకులు చాలాకాలం నడిచాయి.

*

ఆ ఆప్టిమస్ గురించే 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఒకామె లేచి టోర్వాల్డ్స్‌ను అడిగారు. తాము చూసిన కంపెనీల్లో ఎన్విడియా అంత దారుణమైనది లేదని ఆయన కెమెరా వైపు తిరిగి మధ్యవేలు చూపించారు, నోటితో కూడా అదే అన్నారు. ఆ వీడియో చూడని లినక్స్ వాడుకరి అరుదు. పదేళ్లకు, 2022 మేలో, ఎన్విడియా తన డ్రైవర్‌లోని కెర్నల్ భాగం సోర్సును బయటపెట్టింది. వేలు పనిచేసిందని కొందరంటారు. నాకు మాత్రం సర్వర్ల వ్యాపారమే పనిచేసిందనిపిస్తుంది.

ఈ దానం వల్ల అప్‌గ్రేడ్ వేళ కొత్త చిక్కొకటి వచ్చిపడింది. ఇప్పుడు ఎన్విడియా కెర్నల్ మాడ్యూల్ రెండు రకాల్లో దొరుకుతుంది, మూసి ఉన్నదొకటి, తెరిచినదొకటి. తెరిచిన రకం ట్యూరింగ్ తరం నుంచి, అంటే జీటీఎక్స్ 16, ఆర్టీఎక్స్ 20 వరసల నుంచే పనిచేస్తుంది. ఆర్టీఎక్స్ 50 వరసకైతే తెరిచిన రకమే దిక్కు, మూసినది పట్టదు. కార్డు పాతదైతే ఒకటి, కొత్తదైతే ఇంకొకటి. రెండు ప్యాకేజీల పేర్లలో తేడా చివర ఓపెన్ అన్న ఒక్క మాట. కార్డు మార్చి డ్రైవర్ మార్చనివాళ్లకు నల్ల తెర ఖాయం.

*

కార్డుకు వయసు మీరితే డ్రైవర్ దాన్ని వదిలేస్తుంది. మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాలకు 580 వరసే ఆఖరని ఎన్విడియా 2025లో ప్రకటించింది. పాస్కల్ అంటే 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060, 1050 టీఐ లాంటివి. మన దగ్గర అప్పట్లో అప్పు చేసి గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్న ఇంజనీరింగ్ కుర్రాళ్లకు బాగా తెలిసిన పేర్లు. కార్డు ఇంకా బాగానే పనిచేస్తుంటుంది, ఆటలూ ఆడుతుంటాయి. ఆర్చ్ లాగా ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు తెచ్చుకునే సిస్టమ్‌లో ఓ రోజు అప్‌డేట్ కొడితే మాత్రం డెస్క్‌టాప్ రాదు. ఇలాంటప్పుడు ఊహించక్కర్లేదు. ఈ కార్డుకు ఫలానా పాత వరస డ్రైవర్ వాడండని నంబరుతో సహా ఎన్విడియా మాడ్యూలే కెర్నల్ లాగ్‌లో రాసి పెడుతుంది.

*

ఏఎండీ వాళ్లకూ ఒకప్పుడు ఇంతకన్నా పెద్ద దెబ్బే తగిలింది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటూ 16.04, ఏఎండీ సొంత డ్రైవర్ ఎఫ్‌జీఎల్ఆర్ఎక్స్‌కు చెల్లుచీటీ ఇచ్చింది. దాన్ని నమ్ముకుని 14.04 నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్లు ఓపెన్ సోర్స్ డ్రైవర్లకు మారక తప్పలేదు. అప్పట్లో తిట్టుకున్నారు. ఇవాళ అదే మంచిదైంది: ఏఎండీ డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసిపోయి, అప్‌గ్రేడ్ వేళ చప్పుడు చేయకుండా పనిచేసే వాటిలో ఒకటైంది. కలిసిపోవడమంటే అలా ఇలా కాదు. 2020 నాటికే కెర్నల్ సోర్సు మొత్తంలో దాదాపు పదో వంతు వరసలు ఆ ఒక్క డ్రైవర్‌వే. అందులో ఎక్కువ భాగం మనుషులు రాసినది కాదు, చిప్పు వివరాల నుంచి యంత్రాలు పుట్టించిన పట్టికలు.

ఏఎండీకి మిగిలిన పేచీ కార్డు లోపల నడిచే ప్రోగ్రాముది, అంటే ఫర్మ్‌వేర్‌ది. కెర్నల్ కొత్తదై, లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పాతదిగా ఉండిపోతే కొత్త కార్డులకు తెర రాదు. అప్‌డేట్ జరిగేటప్పుడు ఫర్మ్‌వేర్ లేకపోయి ఉండవచ్చని హెచ్చరిక వరసలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు మీ దగ్గర లేని కార్డులకు సంబంధించినవే కావడంతో అసలైన హెచ్చరికను కూడా జనం పట్టించుకోరు. డెబియన్ అయితే ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి రానిచ్చింది 2023లో, డెబియన్ 12తోనే. అదీ 2022లో సభ్యులు ఓటేసి తేల్చుకున్నాక.

*

డ్రైవర్ గొడవలో తెర వట్టిపోవడం మామూలే గానీ తెరకే హాని జరుగుతుందా? 2022 సెప్టెంబరు చివర్లో విడుదలైన కెర్నల్ 5.19.12తో కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల తెరలు తెల్లగా మెరుస్తూ టపటపలాడాయి. ఇంటెల్‌లో గ్రాఫిక్స్ ఇంజనీర్ విల్లే సిర్యాలా లాగ్‌లు చూసి, తెరకు కరెంటు ఇచ్చి తీసే వ్యవధుల లెక్క తప్పిందని, ఎల్‌సీడీ ప్యానెల్ దెబ్బతినే ప్రమాదం కూడా ఉందని, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఆ కెర్నల్ నడపవద్దని చెప్పేశారు. కొద్ది రోజుల్లోనే, అక్టోబరు మొదటి వారంలో 5.19.13 వచ్చి ఆ మార్పును వెనక్కి తీసుకుంది.

పాత తరం వాళ్లకు ఇది కొత్త భయమేమీ కాదు. పెద్ద గాజు తెరల సీఆర్‌టీ మానిటర్ల కాలంలో తెర వేగాలను చేత్తో ఒక ఫైల్లో రాసుకోవాల్సి వచ్చేది, తప్పు అంకె రాస్తే మానిటర్ పాడవుతుందని సూచనల పుస్తకాలే హెచ్చరించేవి. ఇప్పుడు మానిటరే తన శక్తి ఎంతో 128 బైట్ల చిన్న చీటీలో రాసి కంప్యూటర్‌కు అందిస్తుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. కేబుల్ వదులైనా, మధ్యలో స్విచ్ పెట్టెలేవైనా ఆ చీటీని మింగేసినా, కంప్యూటర్ ఎందుకొచ్చిన గొడవని 1024×768 దగ్గర ఆగిపోతుంది. అప్‌గ్రేడ్ తర్వాత అక్షరాలు లావుగా కనిపిస్తే డ్రైవర్‌ను తిట్టే ముందు కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టి చూడాలి.

*

ల్యాప్‌టాప్ తెర బాగానే ఉంది, హెచ్‌డీఎంఐకి తగిలించిన టీవీలో మాత్రం చలనం లేదు. రెండు చిప్పులున్న ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో లోపలి తెర ఇంటెల్‌కో ఏఎండీకో, హెచ్‌డీఎంఐ రంధ్రం ఎన్విడియాకు కలిపి ఉంటుంది. కాబట్టి ఎన్విడియా డ్రైవర్ ఎక్కలేదన్న కబురు మొదట టీవీకే తెలుస్తుంది.

*

నోమోడ్‌సెట్ అనే మాటను గ్రబ్‌లో చేరిస్తే తెర వస్తుందని అందరూ చెబుతారు, వస్తుంది కూడా. తెర రిజల్యూషన్ వగైరాలు నిర్ణయించే పని 2009 నుంచి క్రమంగా కెర్నల్ చేతికి వచ్చింది, ఆ పని చేయొద్దని చెప్పడమే ఈ మాట. తెర వచ్చాక దాన్ని తీసేయాలని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. అలాగే ఉంచేస్తే బొమ్మలు గీసే భారమంతా ఎల్ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాన్ హోరెత్తుతుంది, యూట్యూబ్ నత్తనడక నడుస్తుంది, వెలుతురు పెంచే తగ్గించే మీటలు పనిచేయవు. లినక్స్ మింట్ అయితే సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌లో నడుస్తున్నావని మూల నుంచి హెచ్చరిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాల దగ్గర గ్రాఫిక్స్ ఎదురుగా ఎల్ఎల్‌వీఎంపైప్ అని కనిపిస్తే డ్రైవర్ ఇంకా ఎక్కలేదన్నమాట.

*

డ్రైవర్‌కు అసలు సంబంధమే లేని నల్ల తెరలు కొన్నుంటాయి. డిస్క్ పూర్తిగా నిండిపోతే డెస్క్‌టాప్ తన చిన్న ఫైళ్లు రాసుకోలేక చతికిలపడుతుంది. పాత ఉబుంటూల్లో సిస్టమ్ ‘లో-గ్రాఫిక్స్’ మోడ్‌లో నడుస్తోందని వచ్చే సందేశం చూసి డ్రైవర్లు మార్చినవాళ్లలో, నిజానికి డిస్క్ నిండినవాళ్లు చాలామందే. అప్‌గ్రేడ్ అంటేనే గిగాబైట్ల కొద్దీ దిగుమతి మరి. డీఎఫ్ అని రెండక్షరాలు కొడితే తేలిపోయే విషయం. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే పంపించేస్తుంటే హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్అథారిటీ అనే దాగిన ఫైలు ఎవరి పేరు మీదుందో చూడాలి. సుడో పెట్టి గ్రాఫిక్ ప్రోగ్రాములు నడిపే అలవాటుంటే అది ఎప్పుడో రూట్ పేరుకు మారి ఉంటుంది.

*

డెస్క్‌టాప్ పోయిన క్షణాన తెలుగు కూడా పోతుంది. కెర్నల్ కన్సోల్ ఒకసారికి 512 అక్షర రూపాలకు మించి చూపించలేదు. ఒత్తులు, గుణింతాలు కలిపి కూర్చే నేర్పు దానికి అసలే లేదు. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ వాళ్లు, గ్నోమ్, కేడీఈ అనువాదకులు ఏళ్ల తరబడి శ్రమపడి తెలుగు చేసిన డెస్క్‌టాప్‌ను ముచ్చటపడి పెట్టుకున్నవాళ్లకు, సరిగ్గా సాయం కావాల్సిన వేళ సందేశాలు గళ్లుగా, ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి. ఆ ఒక్క విడతకు ఎల్‌సీ ఆల్ అనే సెట్టింగు విలువను సీ అని మార్చుకుంటే సందేశాలు ఇంగ్లిష్‌లోకి తిరుగుతాయి. డెస్క్‌టాప్ తెలుగు అలాగే ఉంటుంది.

*

1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో సిస్టమ్ 1987లో 11వ వెర్షన్‌కు చేరి, దాదాపు నలభై ఏళ్లుగా ఆ నంబరు మీదే బండి లాగించింది. దాని వారసుడు వేలాండ్‌ను క్రిస్టియన్ హాగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టారు. మసాచుసెట్స్‌లో కారులో పోతుండగా దారిలో తగిలిన ఊరు వేలాండ్, పేరు అక్కడిదే. అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు దీనితో ఓ పని ఉంది. లాగిన్ తెర మూల ఉండే పళ్లచక్రం గుర్తు నొక్కి ఎక్స్ఆర్గ్ ఎంచుకోవడం ఇన్నాళ్లూ ఎన్విడియా వాళ్ల చిట్కా. 2025 శరదృతువులో వచ్చిన ఉబుంటూ 25.10, ఫెడోరా 43 గ్నోమ్ డెస్క్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు. ఆ చిట్కా చెప్పే పాత వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

*

రీబూట్ చేశాక నేరస్థలం చెరిగిపోయిందని అనుకోనక్కర్లేదు. జర్నల్‌సీటీఎల్‌కు మైనస్ బీ, మైనస్ 1 జోడించి అడిగితే అంతకుముందు సారి బూట్ అయినప్పుడు ఏం జరిగిందో మొత్తం చదివి వినిపిస్తుంది. ఎల్‌ఎస్‌పీసీఐకి మైనస్ కే చేర్చితే ఏ కార్డును ఏ డ్రైవర్ పట్టుకుని ఉందో చెబుతుంది. ఎవరి సాయమైనా అడిగేముందు ఈ రెండిటి ఫలితాలు చేతిలో ఉంటే అవతలివాళ్లు మీకు సగం రుణపడి ఉంటారు.

*

విండోస్ నీలం తెరను లినక్స్ వాళ్లు ఎంత ఎగతాళి చేశారో లెక్కలేదు. 2024లో కెర్నల్ 6.10తో లినక్స్‌కు కూడా అలాంటి తెర వచ్చింది. కెర్నల్ కుప్పకూలితే ఊరికే బిగుసుకుపోకుండా సందేశం చూపిస్తుంది. ఆ ఏడాదే 6.12లో దానికి క్యూఆర్ కోడ్ కూడా చేరింది, ఫోన్‌తో స్కాన్ చేస్తే తప్పెక్కడో చెప్పే లాగ్ చేతికొస్తుంది. అయితే ఆ తెరను గీసి పెట్టాల్సింది మళ్లీ గ్రాఫిక్స్ డ్రైవరే.